వ్యోమగామి చేతికి కెమెరాను తీర్చడం: అపోలో పద్ధతిలో ఒక ఉదయం సాధన

వ్యూఫైండర్‌కు కన్ను ఆనించే వీలు లేకుండా, మందపాటి చేతొడుగులు వేసుకుని, లైట్ మీటరు సాయం లేకుండా ఫొటో తీయవలసి వస్తే కెమెరాలో ఏయే మార్పులు చేసుకోవాలో, తీసేవారు ఏయే అలవాట్లు నేర్చుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. 1969 జూలైలో, అమెరికా వారి అపోలో 11 యాత్రలో, చంద్రుడి నేల మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటోలు తీసింది ఈ మూడు ఇబ్బందుల మధ్యనే. ఆయన వాడినది స్వీడన్ కంపెనీ తయారు చేసిన హాసెల్‌బ్లాడ్ డేటా కెమెరా. దానిని అంతరిక్షం కోసం ఎలా మార్చారో ఒక్కొక్క మెట్టుగా చూస్తూ, అదే క్రమంలో మన దగ్గరున్న మామూలు కెమెరాతో సాధన చేయవచ్చు. ఆ మార్పుల గురించి నేను చాలాకాలం చదువుతూ వచ్చినా, ఒక ఉదయం చేతొడుగులు వేసుకుని పొలం గట్టు మీద నిలబడ్డాకే అవి ఎందుకు అవసరమయ్యాయో నాకు సరిగ్గా అర్థమైంది.

కావలసిన సామగ్రి కొద్దిదే. షట్టర్ వేగాన్నీ (వెలుగు లోపలికి వచ్చే సమయం) ఎపర్చర్‌నూ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మనమే పెట్టుకోగల కెమెరా ఒకటి ఉండాలి. లెన్స్ మీదే ఫోకస్ రింగు, ఎపర్చర్ రింగు ఉన్న పాతకాలపు మాన్యువల్ లెన్స్ దొరికితే మరీ మంచిది. చంద్రుడి మీది హాసెల్‌బ్లాడ్‌కు 60 మిల్లీమీటర్ల జైస్ బయోగాన్ లెన్స్ బిగించారు. దాని ఫిల్మ్ ఫ్రేము పెద్దది కాబట్టి, ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరాలో 35 మిల్లీమీటర్ల లెన్స్, చిన్న సెన్సార్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్ ఇంచుమించు అంత మేర దృశ్యాన్నే చూపిస్తాయి. వీటితోపాటు చలికాలంలో బైకు నడిపేవారు వేసుకునే మందపాటి చేతొడుగులు, నాలుగైదు ప్లాస్టిక్ జిప్ టైలు, నల్ల టేపు, గట్టి తాడు, నడుముకు పెట్టుకునే బెల్టు ఒకటి సిద్ధం చేసుకోండి. సెల్‌ఫోన్లలో సాధారణంగా ఎపర్చర్ మారదు కనుక, ఈ సాధనలో గురిపెట్టే భాగానికి తప్ప మిగిలినవాటికి ఫోను పనికిరాదు.

పని చేతొడుగుతో మొదలు పెట్టాలి. చంద్రుడి మీద వేసుకున్న సూటు లోపల సుమారు 3.7 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో ఆక్సిజన్ నిండి ఉండేది. చుట్టూ ఉన్నది శూన్యం కాబట్టి ఆ మాత్రం ఒత్తిడికే చేతొడుగు ఉబ్బి బిగుసుకుపోతుంది. వేలు మడిచిన ప్రతిసారీ గాలి కొట్టిన సైకిల్ ట్యూబును నొక్కినంత బలం పెట్టాలి. వేలికొనకు స్పర్శ అంతగా తెలియదు. అందుకని ముందుగా చేతొడుగులు వేసుకుని, మీ కెమెరాలోని ఒక్కొక్క మీటనూ, రింగునూ, చక్రాన్నీ కదిపి చూడండి. ఏది కదలలేదో, ఒకటి నొక్కబోతే పక్కది నొక్కుకుపోయినవి ఏవో కాగితం మీద రాసుకోండి. మీరు మార్చవలసినవి ఆ కాగితం మీద ఉన్నవే.

ఈ తీరు ఆలోచన 1962 నాటికే మొదలైంది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న భూమి చుట్టూ తిరిగిన జాన్ గ్లెన్ వెంట ఉన్న కెమెరాల్లో ఒకటి, ఫ్లోరిడాలోని కోకో బీచ్‌లో ఒక మందుల దుకాణంలో కొన్న ఆన్స్కో ఆటోసెట్. దానిని మినోల్టా కంపెనీ తయారు చేసింది. హెల్మెట్, చేతొడుగులతో ఉన్న మనిషి ఒక చేత్తో దానిని వాడగలగాలని ఇంజనీర్లు కెమెరాను తలకిందులు చేసి, పిస్తోలు పిడి లాంటి పట్టును బిగించి, కిందివైపు కాస్తా పైవైపు అయిన చోట కొత్త వ్యూఫైండర్‌ను అమర్చారు. ఎక్స్‌పోజర్ దానంతట అదే కుదురుకునే కెమెరా కావడం అందులో పెద్ద సౌకర్యం. అంత సాదా పరికరానికి అంత సూటిగా చేసిన ఆ మార్పు నాకు ఇప్పటికీ ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

అపోలో లెన్స్ రింగులకు చేతొడుగుతో తోయగలిగేలా పెద్ద రెక్కల లాంటి మీటలు అమర్చారు. మనం జిప్ టైలతో అదే పని చేయవచ్చు. ఫోకస్ రింగు చుట్టూ ఒక టై, ఎపర్చర్ రింగు చుట్టూ ఇంకొక టై బిగించి, తోకను కత్తిరించకుండా రెండంగుళాల పొడవున వదలండి. రెండు తోకలూ ఒకే దిక్కున ఉంటే చేతికి తేడా తెలియదు కాబట్టి ఒకటి పైకి, ఒకటి పక్కకు ఉండేలా చూసుకోండి. బిగించేటప్పుడు రింగు తేలికగా తిరుగుతోందో లేదో పరీక్షించండి. మరీ బిగిస్తే పాత లెన్సుల్లో రింగు పట్టేస్తుంది. షట్టర్ మీట చిన్నదైతే దాని మీద రబ్బరు ముక్క ఒకటి టేపుతో అంటించినా సరిపోతుంది. డిజిటల్ కెమెరాలో అనుకోకుండా నొక్కుకుపోయే మిగతా మీటలన్నిటి మీదా అట్టముక్క కప్పి టేపు వేయండి.

తరువాతి పని, అక్కరలేనివి తీసివేయడం. 1962 అక్టోబరులో వ్యోమగామి వాలీ షిర్రా అంతరిక్షంలోకి తీసుకువెళ్లిన హాసెల్‌బ్లాడ్ 500సి హ్యూస్టన్‌లోని ఒక దుకాణంలో కొన్నదే. దాని పై తోలు ఊడదీశారు, లోపలి అద్దాన్ని తీసేశారు, మెరిసే లోహభాగాలకు నల్ల రంగు పూశారు. వ్యోమనౌక కిటికీ గాజులో కెమెరా ప్రతిబింబం పడి ఫొటో చెడకూడదని ఆ నలుపు. బస్సు కిటికీలోంచి ఫొటో తీసేటప్పుడు గాజులో మన తెల్ల చొక్కా కనబడటం అందరికీ అనుభవమే. లెన్స్ చుట్టూ నల్ల గుడ్డ కప్పితే అది పోతుంది, షిర్రా కెమెరాకు చేసినదీ అదే. చంద్రుడి నేల మీదికి వచ్చేసరికి అవసరం తిరగబడింది. అక్కడ గాజు కిటికీ లేదు, ఎండ ఉంది. ఎండలో సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి, నీడలోకి వస్తే సున్నాకు చాలా కిందికి పోయే చలి. నల్ల కెమెరా ఆ వేడిని పీల్చుకుంటుంది కనుక డేటా కెమెరాకూ, ఫిల్మ్ ఉండే విడి పెట్టె అయిన దాని ఫిల్మ్ మ్యాగజైన్‌కూ వెండి రంగు వేశారు. లోపలి కందెనలను కూడా మార్చవలసి వచ్చింది. మామూలు కందెన శూన్యంలో ఆవిరై, వెళ్లి లెన్స్ గాజు మీద పొరలా పేరుకునే ప్రమాదం ఉంది. ఈ రెండూ ఇంట్లో సాధన చేయగలిగినవి కావు. తెలుసుకుని ముందుకు సాగితే చాలు, వాటి కోసం కెమెరా విప్పవద్దు.

వ్యూఫైండర్‌ను మాత్రం మనమూ తీసేయాలి. అంటే దాని మీదా, వెనుక తెర మీదా నల్ల టేపు వేయాలి. హెల్మెట్ పెట్టుకున్నవారు కన్నును కెమెరాకు ఆనించలేరు. పైగా డేటా కెమెరాను ఛాతీ మీదున్న రిమోట్ కంట్రోల్ పెట్టెకు బ్రాకెట్‌తో తగిలించేవారు. కెమెరా కింద పిడి, ఆ పిడికి ట్రిగ్గరు ఉంటాయి. ట్రిగ్గరు నొక్కగానే షట్టర్ పడి, మోటారు ఫిల్మ్‌ను తరువాతి ఫ్రేముకు జరుపుతుంది. మీ కెమెరా పట్టీని పొట్టిగా కట్టి, కెమెరా సరిగ్గా రొమ్ము ఎముక మీద నిలిచేలా పైనుంచి బెల్టు చుట్టండి. తాడు కొసను కూడా బెల్టుకు ముడివేయండి. 1966 జూలైలో జెమిని 10 యాత్రలో వ్యోమనౌక బయట పనిచేస్తున్న మైఖేల్ కాలిన్స్ చేతిలోని హాసెల్‌బ్లాడ్ జారి, తీసిన ఫొటోలతో సహా శూన్యంలోకి కొట్టుకుపోయింది. నేల మీద అయితే కెమెరా కిందే పడుతుంది కానీ, నష్టం దాదాపు అంతే.

ఇక ఎక్స్‌పోజర్ సంగతి. ఈ సాధన మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. చంద్రుడి మీద మేఘం లేదు, పొగమంచు లేదు, దిగిన చోట్లన్నిటా దిగే సమయం తెల్లవారిన కొద్దిసేపటి వెలుతురుకు సరిపోయేలా లెక్కవేసినదే. వెలుగు ముందుగానే తెలిసినప్పుడు దానిని అక్కడ కొలవవలసిన పనిలేదు. షట్టర్ వేగం సెకనులో 250వ వంతు దగ్గర ఉంచి, ఎపర్చర్‌కు మాత్రం మూడు విలువలు నిర్ణయించారు (ఎఫ్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). సూర్యుడు వీపు వెనుక ఉంటే ఎఫ్/11, పక్క నుంచి వస్తుంటే ఎఫ్/8, సూర్యుడి వైపు తిరిగినా నీడలో ఉన్నదాన్ని తీసినా ఎఫ్/5.6. ఈ సూచికను ఫిల్మ్ మ్యాగజైన్ మీదనే అతికించారు, ఎందుకంటే కిందికి చూస్తే వ్యోమగామికి కనిపించేది అదే. ఆకాశంలో నక్షత్రాలు ఎందుకు లేవని అడిగేవారికి జవాబు కూడా ఈ అంకెల్లోనే ఉంది. ఎండలో తెల్లని సూటు చక్కగా పడే ఎక్స్‌పోజర్‌లో నక్షత్రాల మసక వెలుగు ఫిల్మ్ మీద నమోదు కాదు.

సూర్యుడి నుంచి చంద్రుడికి ఎంత దూరమో మనకూ ఇంచుమించు అంతే దూరం కాబట్టి, మబ్బులేని రోజున ఆ పట్టిక మన పొలంలోనూ పనిచేస్తుంది. ఐ.ఎస్.ఓ.ను, అంటే వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకెను, 160 దగ్గర, అది లేకపోతే 200 దగ్గర ఉంచండి. సూర్యుడు బాగా పైకి వచ్చినా మాడు మీదికి ఎక్కని సమయం, అంటే ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వేళ అనుకూలం. పొద్దుపొడుపు వేళ మన వాతావరణం వెలుగును బాగా తగ్గించేస్తుంది కాబట్టి అప్పుడు ఈ అంకెలు చాలవు. ఎఫ్/11, ఎఫ్/8, ఎఫ్/5.6 అని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, పక్కన సూర్యుడి బొమ్మతో దిక్కు చూపించి, కెమెరా పైభాగాన అతికించుకోండి. ఎఫ్/5.6 ఫ్రేముల్లో సూర్యబింబం నేరుగా పడకుండా జాగ్రత్తపడండి. 1969 నవంబరులో అపోలో 12 యాత్రలో అలన్ బీన్ టీవీ కెమెరాను జరుపుతుండగా అది సూర్యుడి వైపు తిరిగి దాని ట్యూబు పాడైపోయింది, భూమి మీది ప్రేక్షకులకు ఆ నడక ప్రసారం అక్కడితో ఆగిపోయింది.

ఫోకస్‌ను కూడా ఇలాగే ముందుగా తేల్చుకోవాలి. అపోలో లెన్స్‌లో ఫోకస్ రింగు కొన్ని దూరాల దగ్గర టక్కుమని ఆగేది: దగ్గరి వస్తువులకు 5 అడుగులు, మధ్యస్థానికి 15, దూరపు దృశ్యానికి 74. మీ రింగు ఆగదు కాబట్టి, దగ్గర, మధ్య, దూరం అనే మూడు చోట్ల తెల్ల పెయింటు చుక్కలు పెట్టుకుని, జిప్ టై తోక ఏ చుక్కకు ఎదురుగా ఉందో ఒక్క చూపులో తెలిసేలా చేసుకోండి. దూరాలను అడుగుల్లో కళ్లతోనే అంచనా కట్టడం రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. నడిచేటప్పుడు మీరు వేసే ఒక్కో అంగ ఎన్ని అంగుళాలో ముందు కొలుచుకుంటే చాలు.

ఇప్పుడు గురి. కెమెరా ఛాతీకి అంటుకుని ఉన్నప్పుడు మెడ తిప్పినంత మాత్రాన ఫలితం ఉండదు, పాదాలతో సహా ఒంటిని తిప్పాలి. పైకి చూపాలంటే నడుము వెనక్కి వంచాలి. నేను మొదటిసారి మా అన్నయ్య కొడుకును పన్నెండడుగుల దూరాన నిలబెట్టి ఇరవై నాలుగు ఫొటోలు తీస్తే తొమ్మిదింటిలో వాడి తల పైభాగం లేదు, కాళ్ల కింది గడ్డి మాత్రం ధారాళంగా ఉంది. కారణం తరువాత తెలిసింది. ఏదైనా చూస్తూ ఏకాగ్రతగా నిలబడినప్పుడు మనం తెలియకుండానే కొంచెం ముందుకు వంగుతాం, కెమెరా కూడా మనతో వంగుతుంది. వీపున బరువైన జీవాధార సంచీని మోసే వ్యోమగామి నిటారుగా నిలబడలేడు, ముందుకు వంగే నిలబడాలి. ఆ ఇబ్బంది ఎలాంటిదో తెలియాలంటే పుస్తకాల సంచీ ఒకటి వీపుకు తగిలించుకుని మళ్లీ ప్రయత్నించండి.

ఈ సందర్భంలో ఏఎస్11-40-5903 అనే ఫ్రేమును దగ్గరగా చూడాలి. ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు చంద్రుడి మీద దిగిన బజ్ ఆల్డ్రిన్ మనకు ఎదురుగా నిలబడి ఉంటాడు, ఆయన హెల్మెట్ బంగారు పూత ముసుగులో ఫొటో తీస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నగా కనిపిస్తాడు. పత్రికల్లో మనం చూసే ప్రతుల్లో ఆల్డ్రిన్ తల మీద నల్లని ఆకాశం తీరుగా ఉంటుంది. అసలు ఫ్రేములో అంత ఆకాశం లేదు. ఫ్రేము ఒక పక్కకు ఒరిగి ఉంది, ఆల్డ్రిన్ సంచీ మీది యాంటెన్నా పైకొస తెగిపోయింది. తలపైన ఉన్న నలుపు తరువాత చేర్చినది. వ్యూఫైండర్ లేకుండా, రొమ్ము మీది కెమెరాతో, ఒళ్లు తిప్పి తీసిన ఫొటోకు ఆ తెగిన యాంటెన్నా తిరుగులేని సాక్ష్యం అని నేను నమ్ముతాను. దానిని సరిదిద్దిన ప్రతి కంటే సరిదిద్దని ప్రతే నాకు ఎక్కువ గౌరవనీయం.

అదే ఫ్రేములో చిన్న చిన్న కూడిక గుర్తులు కనిపిస్తాయి. ఫిల్మ్‌కు ముందు, దాదాపు ఆనుకుని, రెజో ప్లేటు అనే గాజు పలకను అమర్చారు. దాని మీద వరుసకు 5 చొప్పున 25 గుర్తులు, ఒకదానికొకటి 10 మిల్లీమీటర్ల దూరంలో చెక్కి ఉంటాయి. నడిమి గుర్తు మిగతా వాటికంటే పెద్దది. ఫిల్మ్ కడిగినప్పుడు సాగినా, కుంచించుకుపోయినా గుర్తుల మధ్య దూరం మారుతుంది కాబట్టి ఎంత తేడా వచ్చిందో లెక్కకట్టి, రాళ్ల కొలతలు సరిగ్గా తేల్చవచ్చు. అయితే ఆ గాజు కొత్త చిక్కు తెచ్చింది. ఫిల్మ్ గాజు పక్కనుంచి జరిగినప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. తేమ గాలి ఉన్నచోట అది మెల్లగా జారిపోతుంది, శూన్యంలో అలా పోయే దారి లేక నిప్పురవ్వ రేగి ఫిల్మ్ మీద మచ్చ పడవచ్చు. ఫిల్మ్ వైపున్న గాజు ముఖానికి విద్యుత్తును ప్రవహింపజేసే పలుచని పూత వేసి, పుట్టిన విద్యుత్తును కెమెరా లోహంలోకి పంపించి ఆ సమస్యను పరిష్కరించారు.

మన కెమెరాలో రెజో ప్లేటు పెట్టలేం, కానీ నేల మీద కొలమానం పెట్టవచ్చు. అపోలో వ్యోమగాములు నోమన్ అనే పరికరాన్ని వాడారు. మూడు కాళ్ల మీద నిలిచి, వేలాడి ఎప్పుడూ నిట్టనిలువుగా ఉండే కడ్డీ, ఒక కాలికి రంగుల పట్టీ ఉండేవి. ఫొటోలో ఆ కడ్డీ నిలువును, దాని నీడ సూర్యుడి దిక్కును, పట్టీ రాతి అసలు రంగును చెబుతాయి. మూడు వెదురు పుల్లలు పైన కలిపి కట్టి, నడుమ దారంతో ఒక ఇనుప మేకును వేలాడదీసి, పక్కన స్కూలు స్కేలునూ ఒక తెల్ల, ఒక బూడిద రంగు కాగితపు ముక్కనూ ఉంచితే మనకు కావలసినంత పని జరుగుతుంది.

దానిని ఒక రాయి పక్కన పెట్టి ఈ వరుసలో తీయండి. సూర్యుడు వీపు వెనుక ఉండేలా నిలబడి ఎఫ్/11తో ఒకటి. ఆ తరువాత సూర్యుడు పక్కన ఉండేలా రాతికి ఇంకోవైపు వచ్చి ఎఫ్/8తో ఒకటి తీసి, అర అడుగు పక్కకు జరిగి మరొకటి. ఈ రెండూ కలిపి చూస్తే రాయి లోతుతో సహా తెలుస్తుంది. రాయి తీసేశాక ఆ ఖాళీ చోటును అదే వైపు నుంచి ఇంకొకటి. చివరగా దూరాన ఉన్న చెట్టో, గుడో, నీళ్ల ట్యాంకో పడేలా ఫోకస్ దూరానికి మార్చి ఒకటి తీస్తే, రాయి ఎక్కడిదో తరువాత ఎవరైనా పోల్చుకోగలరు. భూమికి తెచ్చిన ప్రతి ముఖ్యమైన రాతి వెనుకా ఇంత క్రమశిక్షణ ఉంది. వాటిని పరీక్షించేవారికి రాయి ఎంత అవసరమో, అది తీయకముందు ఎలా పడి ఉందన్నదీ అంతే అవసరం. చుట్టూ ఉన్న దృశ్యం మొత్తం కావాలంటే దూరం ఫోకస్ పెట్టి, ఒక్కచోటే నిలబడి, ఒక్కొక్క ఫ్రేముకూ కొద్దికొద్దిగా పాదాలు తిప్పుతూ పన్నెండు నుంచి పదిహేను ఫ్రేములు తీయండి. వీపు వెనుక సూర్యుడున్నప్పుడు ఎఫ్/11తో మొదలుపెట్టి, పక్కకు వచ్చేసరికి ఎఫ్/8కు, సూర్యుడికి ఎదురైనప్పుడు ఎఫ్/5.6కు జిప్ టై తోకను తోయడం మరచిపోవద్దు.

నేటి కెమెరాలకు కూడా ఈ పద్ధతి పాతబడలేదు. మనుషులను మళ్లీ చంద్రుడి దగ్గరికి పంపే ఆర్టెమిస్ యాత్రల కోసం నికాన్ జెడ్9ను ఆధారం చేసుకుని నాసా రూపొందిస్తున్న చంద్రుడి కెమెరాకు వేడి, ధూళి తగలకుండా తొడుగు వేశారు, చేతొడుగులతో నొక్కగలిగేలా పెద్ద మీటలున్న పిడిని తయారు చేశారు. స్పెయిన్‌కు చెందిన లాంజరోటే దీవిలోని అగ్నిపర్వత నేల మీద 2023లో దానిని పరీక్షించారు కూడా. ఫిల్మ్ పోయి సెన్సార్ రావడంతో స్థిర విద్యుత్తు గొడవ తీరింది, బదులుగా విశ్వకిరణాల తాకిడికి సెన్సార్‌లోని పిక్సెళ్లు ఒక్కొక్కటిగా దెబ్బతినే చిక్కు వచ్చింది.

సాధన ముగిశాక ఇంటికి రాగానే మెమరీ కార్డు తీసే ముందు కెమెరానూ చేతులనూ మెత్తని బ్రష్‌తో దులుపుకోండి. అపోలో 11లో బరువు తగ్గించుకోవడానికి నేల మీద వాడిన కెమెరాను చంద్రుడి మీదే వదిలి, ఫిల్మ్ మ్యాగజైన్లను మాత్రం వెనక్కి తెచ్చారు. హ్యూస్టన్ ప్రయోగశాలలో వాటిలో ఒకదానిని విప్పిన టెర్రీ స్లెజాక్ అనే సాంకేతిక నిపుణుడి చేతులు నల్లని చంద్రధూళితో నిండిపోయి, ఆయన శుద్ధి స్నానం చేయవలసి వచ్చింది. మన పొలం దుమ్ము అంత ప్రత్యేకమైనది కాకపోయినా, లెన్స్ రింగులోకి దూరితే కరకరమని అరగదీస్తుంది. ఆ తరువాత ఫ్రేములను తెర మీద వరుసగా చూస్తూ ఒక్క పరీక్ష చేయండి. చదునైన నేల మీద తీసిన ఫొటోలో క్షితిజ రేఖ, నిలబడిన మనుషులను కెమెరా ఎత్తు దగ్గర కోస్తుంది. అంటే మీ అంత ఎత్తున్న మనిషిని అది రొమ్ము దగ్గర దాటాలి. కళ్ల దగ్గర దాటితే మీరు తెలియకుండా కెమెరాను పైకి ఎత్తారన్నమాట. బెల్టు ఇంకొక రంధ్రం బిగించి, మరునాడు అదే సమయానికి, అదే చోట మళ్లీ మొదలుపెట్టండి.